కంప్యూటరునకు వ్రాతమూలముగా ఆజ్ఞ లిచ్చుట



తెరపై నున్న బొమ్మలను మౌసుతో నొక్కి కంప్యూటరుచేత పనులు చేయించుకొనుట నేడు పాఠశాల పిల్లలకును తెలిసిన విద్యయే. అయితే ఆ బొమ్మల వెనుక మరియొక ద్వారము కలదు. విండోస్ యంత్రములో వెదకుచోట సి, ఎం, డి అను మూడక్షరములు కొట్టి ఎంటరు మీట నొక్కినచో నల్లని గవాక్ష మొకటి తెరచుకొనును. దానిలో బొమ్మ లుండవు. ఒక వరుస అక్షరములును, వాని చివర మినుకుమినుకుమను చిన్నగీతయు మాత్ర ముండును. దీనినే కమాండ్ ప్రాంప్ట్ అందురు. ఇది నిపుణుల సొత్తని తలచి పెక్కుమంది చూచిన వెంటనే మూసివేయుదురు. ఆ భయ మనవసరము. పది మాటలు నేర్చిన చాలును. కాని ఆ పది మాటలకంటె ముందు తెలియవలసిన దొకటి కలదు. ఆజ్ఞ యిచ్చువాడు ఏ చోట నిలిచి యిచ్చుచున్నాడు? ఈ ప్రసంగము ముఖ్యముగా దానిని గురించియే.

ఈ మాటలు పొట్టిగా నుండుటకు కారణము విచిత్రమైనది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థను కల్పింప నారంభించిరి. వారు వాడిన టెలిటైపు యంత్రము కాగితముపై సెకనుకు పది అక్షరములు మాత్రమే అచ్చొత్తెడిది. అక్షరమునకు అక్షరము భారమే. అందుచే కాపీ యను మాట సి.పి. అయినది, లిస్ట్ అను మాట ఎల్.ఎస్. అయినది, తొలగించుట యను నర్థముగల రిమూవ్ అను మాట ఆర్.ఎం. అయినది. 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన డాస్ వ్యవస్థ కొంచెము ఉదారమైనది. అందులో కొన్ని మాటలు మూడక్షరములవి. పట్టిక చూపుటకు డి.ఐ.ఆర్., తుడిచివేయుటకు డి.ఇ.ఎల్., పేరు మార్చుటకు ఆర్.ఇ.ఎన్. విండోస్ వారి నల్లని గవాక్షములో నేటికిని ఈ మాటలే చెల్లును. లినక్సు, మాక్ యంత్రములలో యూనిక్స్ వారి పొట్టిమాటలు చెల్లును. టెలిటైపులు పోయినవి, పొదుపు మాత్రము మిగిలినది.

సంక్షేపమునకు మన దేశమున పాణినిని మించిన దృష్టాంతము లేదు. సుమారు నాలుగువేల సూత్రములలో ఆయన సంస్కృత వ్యాకరణము నంతయు ఇమిడ్చెను. ఒక సూత్రములోని పదమును తరువాతి సూత్రములలో మరల చెప్పడు. అది తనంతట వచ్చి చేరును. దీనికి అనువృత్తి యని పేరు. అనువృత్తి నెరుగక సూత్రమును విడదీసి చదివినచో అర్థము కాకపోవుటయో, వేరర్థము తోచుటయో తప్పదు. నల్లని గవాక్షములోను సరిగా ఇట్టి అనువృత్తియే యున్నది. అచ్చట అనువర్తించునది స్థలము. యంత్ర మిప్పుడు ఏ ఫోల్డరులో నున్నదో, మార్చువరకు ప్రతి యాజ్ఞయు ఆ ఫోల్డరునకే వర్తించును.

పొలముల లెక్క తెలిసినవారి కిది సులభముగా బోధపడును. జిల్లా, మండలము, గ్రామము, సర్వే నంబరు అన్నియు చెప్పినచో ఎచ్చటనుండి చెప్పినను ఆ పొలమే. ఊరిలో నిలిచినవానికి సర్వే నంబ రొక్కటి చాలును. కాని అదే నంబరు పొరుగూరిలోను ఉండును. ఊరు మారినచో నంబరు మారకయే పొలము మారును! డాస్ తొలి కూర్పులో ఈ చిక్కు లేదు. అందులో ఫోల్డరులే లేవు. 1983లో వచ్చిన రెండవ కూర్పుతో అవి ప్రవేశించినవి, వానితోపాటు ఈ జాగ్రత్తయు అవసరమైనది.

స్థలము మార్చుటకు సి.డి. అను రెండక్షరములు కొట్టి, చోటు విడిచి, ఫోల్డరు పేరు వ్రాయవలెను. పేరునకు బదులు రెండు చుక్కలు పెట్టినచో ఒక మెట్టు పైకి పోవును. పెన్ డ్రైవులోనికి పోవుటకు సి.డి. చాలదు, దాని అక్షరమును, ఆ వెంట విసర్గను పోలిన గుర్తును కొట్టి ఎంటరు నొక్కవలెను. క్రొత్తవారు తరచుగా ఆగిపోవునది ఇచ్చటనే. యంత్ర మున్న చోటు వరుస మొదట ఎల్లప్పుడు వ్రాసియే యుండును, కాని దానిని చదువువారు తక్కువ.

మీటలలో మూడు ముఖ్యమైనవి. టాబ్ మీట పేరులోని మొదటి రెండుమూడక్షరములు కొట్టి నొక్కినచో మిగిలినది తానే పూరించును. ఇది శ్రమ తగ్గించుటకు మాత్రమే కాదు. టాబ్ నొక్కినను పేరు రాకపోయినచో ఆ ఫైలు ఆ చోట లేదన్న మాట. అనగా నిలిచిన చోటు తప్పు, లేదా అక్షరము తప్పు. తొందరపాటువారికి ఇంతకంటె మంచి కావలివాడు దొరకడు. రెండవది పైకి చూపు బాణపు మీట. వెనుక నిచ్చిన ఆజ్ఞలను ఒక్కొక్కటిగా మరల తెచ్చును. విండోస్ గవాక్షమును మూసినచో ఆ జ్ఞాపకము పోవును, లినక్సులో సాధారణముగా నిలిచి యుండును. మూడవది కంట్రోలు మీటతో కలిపి నొక్కు సి అక్షరము. నడుచుచున్న పనిని ఆపును.

ఇంత శ్రమ యెందుకు, బొమ్మలు చాలవా యని అడుగవచ్చును. ఒక ఫైలుతో పనియైనచో బొమ్మలే మేలు. వందలకొలది ఫైళ్లతో పనిపడినప్పుడు మాట గెలుచును. గ్రంథాలయపు పుస్తకముల పట్టిక సాదా అక్షరముల ఫైళ్లలో సంవత్సరమున కొకటిగా ఉన్నదనుకొందము. ఒక గ్రంథము పేరు ఏయే సంవత్సరముల పట్టికలలో నున్నదో తెలియవలెనన్నచో, ఫైండ్ అను మాట వ్రాసి, గ్రంథము పేరును కొటేషను గుర్తులలో నుంచి, ఫైలు పేరునకు బదులు నక్షత్రపు గుర్తు పెట్టిన చాలును. ఆ చోటనున్న ఫైళ్లన్నింటిని వెదకి, ఆ పేరున్న పంక్తులను మాత్రమే చూపును. యూనిక్స్ వంశమున ఈ పనికి గ్రెప్ అను మాట కలదు. దానిని వ్రాసినవాడును థాంప్సనే. తెలుగువారి కొక కొరత యున్నది: పాతపద్ధతి నల్లని గవాక్షములో మన గుణింతములు, ఒత్తులు సరిగా కుదురుకొనవు. అందుచే వెదకవలసిన పట్టికలలో పేర్లను ఇంగ్లీషు అక్షరములలోను వ్రాసియుంచుట మంచిది.

ఆ నక్షత్రపు గుర్తే ప్రమాదకారియు. దాని యర్థము 'ఈ చోటనున్న వన్నియు' అని. డి.ఇ.ఎల్. అని ఆ గుర్తు పెట్టినచో విండోస్ ఒకమారు నిజమేనా యని అడుగును. నక్షత్రముతో మరికొన్ని అక్షరములు చేర్చినచో అంతమాత్రమును అడుగదు. ఇట్లు తుడిచినవి చెత్తబుట్టలోనికి పోవు, తిన్నగా పోవును. యూనిక్స్ వంశపు ఆర్.ఎం. ఇంకను మొండిది.

1998లో అమెరికాలోని పిక్సార్ చలనచిత్ర సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అను బొమ్మల చిత్రము తయారగుచుండెను. ఎవరో ఆ చిత్రపు ఫైళ్లన్నిటికి మూలమైన చోట నిలిచి ఆర్.ఎం. ఆజ్ఞ నిచ్చిరి. పనిచేయుచున్నవారి కన్నులయెదుటనే పాత్రలు ఒక్కొక్కటిగా మాయమగుచుండెను. యంత్రమును ఆపివేయునప్పటికి చిత్రములో చాలభాగము పోయినది. దాచిన ప్రతులను తీసి చూడగా, ప్రతులు తీయు ఏర్పాటు కొంతకాలముగా సరిగా పనిచేయుటయే లేదు! అదృష్టవశమున ఆ చిత్రపు సాంకేతిక పర్యవేక్షకురాలు పసిబిడ్డ తల్లియై యింటినుండి పనిచేయుచుండుటచే ఆమె యింటి కంప్యూటరులో ఒక ప్రతి యున్నది. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి కారులో మెల్లగా తెచ్చిరి. చిత్రము 1999లో విడుదలయ్యెను. ఆ ఆజ్ఞలో అక్షరదోషము లేదు. ఉన్నది స్థలదోషము.

కావున తుడుచుటకు ముందు ఒక పద్ధతి పాటింపవలెను. డి.ఇ.ఎల్. అని కొట్టదలచినచోట మొదట డి.ఐ.ఆర్. అని కొట్టి, ఎంటరు నొక్కి, ఏయే పేర్లు వచ్చునో చదువవలెను. అవి తుడువవలసినవే యైనచో పైబాణము నొక్కి, ఆ పంక్తినే తెచ్చి, మొదటి మాటను మాత్రము మార్చవలెను. పేర్లు చదువుటకు అరనిమిషము పట్టును. పట్టనిండు.

ప్రతులు తీయుటకు ఎక్స్ కాపీ యను మాట కలదు. దాని వెంట మూలపు ఫోల్డరు పేరును, పెన్ డ్రైవులోని ఫోల్డరు పేరును, ఏటవాలు గీతతో డి అక్షరమును, మరియొక గీతతో ఇ అక్షరమును వ్రాసినచో లోపలి ఫోల్డరులతో సహా క్రొత్తగా మారిన ఫైళ్లను మాత్రమే ఎత్తి వ్రాయును. ఇందు రెండు చోట్లను జిల్లా మొదలు సర్వే నంబరు వరకు అన్నట్లు పూర్తిగా వ్రాయవలెను. అప్పుడు ఎచ్చట నిలిచి యిచ్చినను ఆజ్ఞ చెడదు. తెలిసినవారిచేత ఆ పంక్తిని ఒకమారు సరిచూపించి, అట్టముక్కపై పెద్దయక్షరములతో వ్రాసి యంత్రము ప్రక్కన వ్రేలాడదీసినచో, గ్రంథాలయము తలుపు వేయుటకు ముందు ఎవ్వరైనను ఆ పని చేయగలరు.