సేవకుఁ దగిన సత్కారము
(మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



మన విద్యార్థివేతన నిధియందు మాజీ సైనికుల బిడ్డలకుఁ బ్రథమస్థాన మీయవలెనను తీర్మానము నేఁడు సభ యెదుటకు రానున్నది. దానినిగూర్చి నాలుగుమాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నుఁ గోరిరి.

సైనికునకుఁ బ్రత్యేకమైన మేలు కలుగవలెననుటకు బలమగు కారణములు గలవు. సామాన్యజవాను 35, 40 ఏండ్లకే కొలువునుండి విడివడును. బిడ్డలింకను బడిలో నుండఁగనే జీతము నిలిచిపోవును. నేనన్ననో, నల్లబల్లయొద్ద నిలిచి వృద్ధాప్యమువఱకు జీతము గైకొంటిని. ఏనాఁడును ప్రాణభయ మెఱుఁగను. కావున ఒకే హోదాలో నొకే కాలము పనిచేసినవారికి, ఎప్పుడు విరమించినను, ఒకే పింఛను నీయవలెనని 2015 నవంబరు 7న కేంద్రప్రభుత్వ మొసఁగిన యుత్తరువు న్యాయమే. 2022 మార్చి 16న సుప్రీముకోర్టును ఆ విధానమును సమర్థించినది.

అయినను, ఆ ప్రత్యేకత ధరించిన దుస్తులకా, కోలుపోయినదానికా? 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో మడిసిన 40 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు సైన్యమునకుఁ జెందినవారు కారు. వారి దళమునకుఁ బై యుత్తరువు వర్తింపదు. బాంబున కీ భేదము తెలియునా? 2022లో నేర్పడిన అగ్నిపథమున సైనికదుస్తులు దాల్చినవారిలోనో, నాలుగేండ్లపిమ్మట నూటికి 25 మందికి మించి నిలువరు. తక్కినవారికిఁ బింఛను లేదు.

నా శిష్యు లిరువురు ఒకే బల్లపైఁ గూర్చుండి చదివిరి. ఒకఁడు సైన్యమునఁ జేరి క్షేమముగాఁ దిరిగివచ్చి, పింఛనుతోఁబాటు మఱియొక కొలువును సంపాదించెను. అతనిఁ జూచి సంతసించితిని. రెండవవాఁడు లైనుమానై, గాలివాన రాత్రి ఊరికి వెలుఁగు నీయ స్తంభమెక్కి ప్రాణములు విడిచెను. తీర్మాన మున్నదున్నట్లు నెగ్గినచో వీని బిడ్డలు వాని బిడ్డల వెనుక నిలువవలసివచ్చును. ఆ తల్లికి నే నేమని చెప్పుదును?

కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున భృత్యభరణమును జెప్పుచు, పనులయందు మృతులైనవారి పుత్రులును భార్యలును భోజనవేతనములఁ బొందవలెనని విధించెను. గమనింపుఁడు: యుద్ధమునందని కాదు, పనులయందని యాతఁడనినది. 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు, మురుగుకాలువలలో దిగి చనిపోవువారి కుటుంబములకు 30 లక్షల రూపాయ లీయవలెనని యాదేశించుటయు నీ ధర్మమే.

కాన నా సవరణ యిది: విధినిర్వహణమున మరణించినవారి, అంగవికలులైనవారి బిడ్డలకు, వారు సైనికులైనను, పోలీసులైనను, లైనుమానులైనను, పారిశుద్ధ్యకార్మికులైనను, ప్రథమస్థానము, చిన్నవయసుననే కొలువు వీడిన పేదసైనికుల బిడ్డలకు ద్వితీయస్థానము. ఇందువలన సైనికుని గౌరవము తగ్గదు. అతని త్యాగమును గొలిచిన కొలతతోనే యితరుల త్యాగమునుఁ గొలిచినవార మగుదుము.

మీ విమర్శకు దీనిని సమర్పించి విరమించుచున్నాను. స్వస్తి.