విమర్శను వెదకుట
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

భద్రాచలపు అడవి అంచుననున్న గూడెమునుండి కళాశాలకు పోవు విద్యార్థి యొకడు దాశరథీ శతకముపై వ్యాసము వ్రాయవలెననుకొందము. ఇంటిలో పుస్తకము లేదు. కళాశాల గడప తొక్కిన పెద్దలును లేరు. ఒకప్పుడు ఇట్టివాడు విమర్శ గ్రంథములకై దూరపు పట్టణములకు పోవలసివచ్చెడిది. నేడు ఖరగపూర్ ఐ.ఐ.టి. వారు నిర్వహించు జాతీయ డిజిటల్ గ్రంథాలయము, విశ్వవిద్యాలయ పరిశోధన గ్రంథములను భద్రపరచు 'శోధగంగ' అను డేటాబేసు, ఇంటర్నెట్టు గల యే పల్లెవానికైనను తెరచియున్నవి. కాని తలుపు తెరచియున్నంత మాత్రమున వస్తువు చేతికి వచ్చునా?

'దాశరథి' అని వెదకినచో, 17వ శతాబ్దికి చెందిన నేలకొండపల్లి రామదాసుతోపాటు, 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులవారును ఎదురగుదురు. యంత్రము అక్షరములను పోల్చును. ఏ దాశరథి కావలెనో చెప్పవలసినవాడు అడుగువాడే. కావున 'దాశరథీ శతకము', 'రామదాసు', 'భక్తి శతకములు' అని వేర్వేరుగ అడుగవలెను. 'శతకము' ఫలింపనిచో 'శతకం' అనవలెను. గోపన్న యింటిపేరునకు 'కంచెర్ల', 'కంచర్ల' అను రెండు వ్రాతలును కలవు. ఆంగ్లలిపిలో నమోదైన గ్రంథములను ఆ లిపిలోనే వెదకవలెను.

మరియొక చిక్కు కలదు. విమర్శ గ్రంథము పేరులో కావ్యము పేరుండవలెనను నియమము లేదు. 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వ విచారము' పింగళి సూరన కళాపూర్ణోదయమును విచారించినది. అట్టమీది పేరు మాత్రమే చూచువానికి ఆ సంగతి తెలియదు. వంగూరి సుబ్బారావుగారి 'శతక కవుల చరిత్రము' పేరులోను ఏ యొక్క కవి పేరును లేదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన 'భారతి' వంటి పత్రికల పాత పుటలు పెక్కు ఛాయాచిత్రములుగ నున్నవి. వానిలోని మాటలు యంత్రమునకు అందకపోవచ్చును. విషయసూచికను కన్నులతో చదువవలసినదే. శతకములపై పరిశోధన గ్రంథ మొక్కటి దొరకినను చాలును. దాని చివరనున్న గ్రంథసూచి పదింటికి దారి చూపును.

దొరకిన పిదప? పహాణీలో సర్వే నంబరు చూచిన పొలమెచ్చటనో తెలియును; మన్ను గుణము తెలియవలెనన్న గట్టు దిగి చేతితో పట్టి చూడవలెను. విమర్శ యను మాటకు మూలమైన 'మృశ' ధాతువునకు తాకుట యనియే అర్థము. శతకమును చదువకయే దానిపై పండితులు చెప్పినది ఎత్తి వ్రాయుట పరుల చేనిలో పంట కోయుట వంటిది. ముందు మూలము, పిమ్మట విమర్శ, ఆ పిమ్మట తన మాట. ఇతరుల అభిప్రాయమును గ్రహించినచోట వారి పేరు చెప్పుట ధర్మము.

కావున డేటాబేసు వచ్చినదని పల్లె గ్రంథాలయము పని తీరిపోలేదు. మూలగ్రంథమును చేతికిచ్చుట, ఏమని అడుగవలెనో పక్కన కూర్చుండి చెప్పుట, ఈ రెండును దాని పనులే. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున అడవి అంచు బిడ్డ యొక్కడైనను తన సొంత మాటతో వ్యాసము ముగించి లేచిననాడు, ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.