నోటినిప్పు

(నరసరావుపేటలో పఠనాలయ సభ్యుల యెదుట చేసిన ప్రసంగపాఠము)

మాచర్ల దాటి కృష్ణయొడ్డున నిలిచి చూచినవారికి ఆవలిగట్టు కనుచూపు మేరలోనే యుండును. నేడది తెలంగాణము, 1948 సెప్టెంబరు వరకు అది నైజాము రాజ్యము. ఈ గట్టున తెలుగే, ఆ గట్టున తెలుగే. నడుమ నున్నది నీరు మాత్రమే. అయినను 1947, 48 సంవత్సరములలో సంస్థానమునుండి వేలాది జనులు పిల్లలను చంకనిడుకొని, చేతికందిన మూటతో ఆంధ్రజిల్లాలలోనికి తరలివచ్చిరి. వారిని తరిమినవి రజాకారుల కత్తులని మనము చెప్పుకొందుము. అది నిజమే. కాని కత్తులకు ముందు మాటలు వచ్చినవి. ఆ మాటలాడిన మనుష్యుని చరిత్రమును గూర్చి నేడు మనవి చేయ దలచితిమి. అతడు మా వృత్తివాడే, న్యాయవాదియే యగుట మాకు గర్వింపదగిన విషయము కాదు. అందువలననే ఆ కథను ఒక న్యాయవాది నోట మీరు వినుట మంచిదని తోచినది.

సయ్యదు కాసిం రజ్వీ అలీగఢులో విద్యనభ్యసించి, ఉస్మానాబాదు జిల్లాలోని లాతూరులో వకీలుగా నుండెను. మజ్లిసె ఇత్తెహాదుల్ ముసల్మీన్ అను సంస్థ 1927లో హైదరాబాదున పుట్టినది. 1938లో దాని యధ్యక్షతను వహించిన బహదూర్ యార్ జంగు మహావక్త. సంస్థానమున రాజ్యాధికారము నైజామొక్కనిది కాదు, ప్రతి ముస్లిమును అందు భాగస్థుడే యను సిద్ధాంతము ఆ కాలమున ప్రబలినది. వినుటకు ప్రజారాజ్యపు మాటవలెనే యుండును. కాని సంస్థానమున ముస్లిములు నూటికి సుమారు పదుమువ్వురు. మిగిలినవారి భాగమెంతయని యెవ్వరును అడుగలేదు. అడిగినవారికి జవాబును రాలేదు. 1944లో బహదూర్ యార్ జంగు మరణించెను. 1946లో నాయకత్వము రజ్వీ చేతికి వచ్చినది.

ఇచ్చట నొక సంగతి నిదానముగా యోచింపవలెను. రజ్వీ వెంట నడచినవారందరును దుర్మార్గులా? కారు. బ్రిటిషువాడు పోవుచున్నాడు, పాతకొలువులు పోవునేమో, భాష పోవునేమో, బ్రతుకే పోవునేమో యని చిన్న గుమాస్తాకు, పింఛనుదారునకు, పోలీసు జవానునకు లోలోపల గుబులుండెను. ఉత్తరదేశమున పంజాబునందు జరిగిన మారణహోమపు వార్తలు ఆ గుబులును పెంచినవి. ఆ భయము కృత్రిమము కాదు. భయపడినవానికి ధైర్యము చెప్పి పొరుగువానితో మాటలాడించువాడు నాయకుడు. భయపడినవానికి కత్తియిచ్చి, పొరుగువానిని చూపించువాడు వ్యాపారి. రజ్వీ రెండవ పని చేసెను. ఆ భయమును పెట్టుబడిగా గొని, రజాకారుదళములను పెంచి, తాను సేనాని యయ్యెను.

అతని బలము మొదట తెలియవచ్చిన దినము 1947 అక్టోబరు 27. భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక కుదుర్చుకొనుటకై నైజాము పంపిన రాయబారులు, ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, న్యాయశాస్త్రవేత్త మాంక్టను, సర్ సుల్తాన్ అహమ్మదు, ఢిల్లీకి బయలుదేరవలసి యుండెను. తెల్లవారకముందే జనసమూహములు వారి యిండ్లను చుట్టుముట్టి కదలనీయలేదు. ఛత్తారీ పదవి వదలుకొనెను. ఆ పిమ్మట మీర్ లాయక్ అలీ ప్రధాని యయ్యెను. చిత్రమేమనగా, క్రొత్త రాయబారులు వెళ్లి నవంబరు 29న తెచ్చినది పెద్ద మార్పులేని ఆ ఒడంబడికయే! అనగా ఆ యల్లరి వలన ప్రజకు లభించిన దేమియు లేదు. దొరతనమునకన్న వీధి బలమైనదని మాత్రము లోకమునకు తెలిసినది. దానిని తెలియజేయుటయే యతని యుద్దేశము.

పలనాటివారికి ఈ సంగతి విడమరచి చెప్ప నక్కరలేదు. అలరాజు రాయబారమునకు బోయి విషప్రయోగమున మరణించిన కథను మనము చిన్ననాడే వినియున్నాము. కోడిపందెముతో మొదలైన కలహము రాయబారి మరణముతో యుద్ధమైనది. మాటాడుటకు పోవువానిని అడ్డగించిన దినముననే కారెంపూడి రణక్షేత్రము సిద్ధమగును.

ఆ పిమ్మటి పది నెలలును సంస్థానపు పల్లెలకు చీకటి దినములు. ఒకప్రక్క రైతుల సాయుధ పోరాటము, ఒకప్రక్క కాంగ్రెసువారి సత్యాగ్రహము. రెంటిని అణచు నెపమున పోలీసులతో గూడి రజాకారులు ఊళ్లపై బడిరి. దోపిడి, గృహదహనము, స్త్రీలకు అవమానము, సామూహిక హత్యలు జరిగినవి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామము బురుజుపై నుండి తన్ను తాను కాపాడుకొన జూచి నెత్తుటి మడుగైనది. ఆ బురుజు నేటికిని సాక్షిగా నిలిచియున్నది. ఎర్రకోటపై అసఫ్‌జాహీ పతాక మెగురుననియు, బంగాళాఖాతపు అలలు నైజాము పాదములు కడుగుననియు రజ్వీ సభలలో పలికినట్లు ఆనాడు దేశమంతట ప్రచారమైనది. చప్పట్లు మ్రోగినవి. ఆ చప్పట్లకు వెల యెవరు చెల్లించిరో ముందు చెప్పుదుము.

అంతకుముందు ఒక యువకుని పేరు తలచుకొని ముందునకు బోవుట మన ధర్మము. షోయబుల్లాఖాన్ ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడు, ఇరువదియెనిమిదేండ్లు నిండనివాడు. సంస్థానము భారతదేశమున చేరవలెనని, రజాకారులను రద్దు చేయవలెనని నిర్భయముగా వ్రాసెను. అట్లే కోరుచు కొందరు ముస్లిము పెద్దలు చేసిన ప్రకటనను తన పత్రికయందు అచ్చొత్తెను. వ్యతిరేకముగా లేచిన చేయి తెగిపడునని రజ్వీ ఒక సభలో బెదిరించెనని ప్రతీతి. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటి, పత్రిక పని ముగించుకొని యింటికి పోవుచుండగా, కాచిగూడాలో దుండగులు ఆ యువకుని కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. ఈ కథను మతకలహముగా మాత్రమే చూచువారు ఈ మరణమును మరువరాదు. మతమును రక్షింతునన్నవాని మనుషులు ఆ మతస్థునే వధించిరి. ఏలయనగా అట్టి నాయకునకు ఎదుటి మతమువాని కన్న, తన వారిలో నుండి "ఇది తప్పు" అనువాడే పరమశత్రువు.

సెప్టెంబరు 13న భారతసేన సంస్థానమున ప్రవేశించినది. 17న నైజాము లొంగిపోయెను. అయిదు దినములు! ఢిల్లీ మీద జెండా నెగురవేయుదు నన్నవాని సైన్యము అయిదు దినములు నిలువలేదు. రజ్వీ పట్టుబడెను.

కథ యిచ్చటనే ముగించినచో మనకు సంతోషముగా నుండును. కాని మేము వకీళ్లము. అనుకూలమైన సాక్ష్యము చెప్పి ప్రతికూలమైనది దాచుట మా వృత్తికి ద్రోహము. సేన గెలిచిన పిమ్మట, ముఖ్యముగా మరాఠీ, కన్నడ జిల్లాలలో, ముస్లిములపై ప్రతీకారము జరిగినది. ప్రధాని నెహ్రూ ప్రేరణచే పండిత సుందర్‌లాలు, ఖాజీ అబ్దుల్ గఫారు మున్నగువారు ఆ జిల్లాలలో తిరిగి నివేదిక వ్రాసిరి. తక్కువలో తక్కువ 27 వేలనుండి 40 వేలవరకు మరణించిరని వారి యంచనా. ఆ సంఖ్యలపై వాదములున్నవి. నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. అందు లాతూరును గూర్చిన మాటలు చదివినచో గుండె చెరువగును. అది రజ్వీ యూరు, వ్యాపారకేంద్రము. పదివేల ముస్లిము జనాభాలో మూడువేలమంది మాత్రమే యూర మిగిలియుండిరని వారు వ్రాసిరి.

అయ్యా, చప్పట్లకు వెల చెల్లించినవారు వీరు. నాయకుడు చెరసాలలో క్షేమముగా నుండెను. అతని యూరివారు, అతని నమ్మినవారు, అతనిని ఎన్నడును నమ్మనివారును గూడ చచ్చిరి. వారిని చంపినవారిలో రజాకారుల వలన నష్టపడినవారుండవచ్చును. కాని పగ తీర్చుకొన్నది నిరపరాధులపైన. ఆ పని మన జెండాను పట్టుకొన్నవారును చేసిరి. జాతీయవాదులమని చెప్పుకొనువారము మనము ఆ మాటను తల వంచుకొనియైనను చెప్పవలెను. చెప్పనిచో రజ్వీకిని మనకును భేదము బావుటా రంగులో మాత్రమే మిగులును.

తరువాతి కథ కొంచెమే. 1948 జనవరిలో జరిగిన బీబీనగరు దోపిడీ కేసులో రజ్వీకి ఏడేండ్ల శిక్ష పడినది. ప్రత్యేక న్యాయస్థానపు విచారణ సమానత్వపు హక్కునకు విరుద్ధమని అతడు సుప్రీంకోర్టు వరకు వాదించెను. 1953లో ధర్మాసనమున ఏకాభిప్రాయము కుదరలేదు. అధికసంఖ్యాకులు శిక్షను నిలిపిరి. ఇందు మేము చూచు విశేషమొకటి గలదు. ఇతరులకు సమానత్వము లేదన్నవాడు ఆ సమానత్వపు పేరుననే తలుపు తట్టెను. మన రాజ్యాంగము తలుపు మూయలేదు. 1957లో విడుదలయై పాకిస్థానమునకు బోయి, 1970లో కరాచీలో మరణించెను.

ఇట్టివాడు ఒక్క దేశమున, ఒక్క మతమున పుట్టువాడని తలపరాదు. సెర్బియా దేశపు వోయిస్లావ్ షెషెల్ కథ వినుడు. ఇతడును న్యాయశాస్త్రజ్ఞుడే. 1954లో సరయెవోలో పుట్టి, ఇరువదియైదవ యేటనే డాక్టరు పట్టము పొందెను. కమ్యూనిస్టు ప్రభుత్వము 1984లో వ్రాతలకై ఇతనిని చెరసాలలో బెట్టినది. అప్పుడు లోకము ఇతనియందు సానుభూతి చూపెను. 1991లో సెర్బియా రాడికల్ పార్టీని స్థాపించి పార్లమెంటు సభ్యుడయ్యెను. 1992 మే 6న వొయివొదినా ప్రాంతమున హర్ట్‌కోవ్‌త్సి యను చిన్న గ్రామమునకు బోయి, అచ్చటి క్రోటు జాతివారు ఊరు విడిచి పోవలెనని సభలో చెప్పెను. తుపాకి పట్టలేదు, చెప్పెను, అంతే. ఆ పిమ్మట భయపెట్టుటలు సాగి, క్రోటులు తరతరముల యిండ్లు వదలి పోయిరి.

2003లో ఇతడు హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు తానై వెళ్లి లొంగెను. ఇతడు నిర్బంధమున నుండగానే ఆ సంవత్సరాంతపు ఎన్నికలలో ఇతని పార్టీ 250 స్థానములలో 82 గెలిచి అన్ని పార్టీలలో పెద్దదయ్యెను! 2016 మార్చి 31న నిర్దోషియన్నారు. మరుసటి నెలలోనే ఇతడు మరల పార్లమెంటుకు ఎన్నికయ్యెను. 2018 ఏప్రిల్ 11న అప్పీలులో ఆ తీర్పు మారినది. హర్ట్‌కోవ్‌త్సి ప్రసంగమే ప్రధానాధారముగా, మానవజాతికి వ్యతిరేకమైన నేరమునకు పదేండ్ల శిక్ష వేసిరి. అంతకుమించిన కాలము నిర్బంధమున గడిచినందున మరల జైలుకు పోవలసిన పని లేకపోయెను. 2020 ఎన్నికలలో ఓటర్లు అతని పార్టీకి ఒక్క స్థానమైనను ఈయలేదు. న్యాయస్థానము చేయుటకు పదునైదేండ్లు పట్టిన పనిని ఓటరు ఒక్క దినమున ముగించెను. అయినను ఆ గ్రామము విడిచిపోయినవారి యిండ్లు వారికి తిరిగి రాలేదు.

లాతూరు వకీలు అల్పసంఖ్యాకుల పేర లేచెను. సరయెవో పండితుడు అధికసంఖ్యాకుల పేర లేచెను. ఒకడు ముస్లిము, ఒకడు క్రైస్తవుడు. కనుక దోషము మతమున లేదు, సంఖ్యయందును లేదు. పొరుగువాని యునికియే మనకు ముప్పని చెప్పు ఆ వాక్కున దోషమున్నది. చదువు దానికి మందు కాకపోగా, చదివినవాని నాలుకపై అది మరింత పదునెక్కును.

మన పలనాటికి వత్తము. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922లో పుల్లరి నిరాకరించి ప్రాణమర్పించెను. దొరతనమునకు పన్ను లేదనెను గాని పొరుగువానికి చోటు లేదనలేదు. ఆ పలనాటనే 2024 మే 13న, పోలింగు దినమున, మాచర్ల నియోజకవర్గపు కేంద్రమొకదానిలో ఓటుయంత్రమును నేల గొట్టిన దృశ్యమును దేశమంతయు చూచినది. తరువాతి దినములలో జిల్లాలో నిషేధాజ్ఞలు పెట్టవలసి వచ్చినది. ఇది మతద్వేషము కాదు, పార్టీద్వేషము; కాని "వాడు ఊర నుండరాదు" అను మాట రెంటికిని తల్లి. ఊరు విడిచి బంధువుల యింట తలదాచుకొన్న కక్షిదారులను మేము మా గుమ్మములో చూచియున్నాము. వారు మొదట చెప్పునది దెబ్బను గూర్చి కాదు. దెబ్బకు ముందు రచ్చబండకడ విన్న మాటను గూర్చి.

కావున సోదరులారా, ఈ పఠనాలయమున పత్రిక బిగ్గరగా చదువునపుడు, సభలో నాయకుని పలుకునకు చేతులు లేచునపుడు, ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ మాట నిజమైనచో రేపు ఎవ్వని యిల్లు ఖాళీ కావలెను? జవాబుగా ఒక మనుష్యుడు, ఒక వీధి, ఒక కులము, ఒక మతము కనబడినచో చప్పట్లు కొట్టకుడు. అంతటితో ఆగక, షోయబుల్లావలె మన వారి నడుమనే నిలిచి "ఇది తప్పు" అని పలుకుడు. పలుకుటకు నేడు మనకు చేతులు తెగిపడు భయము లేదు. ఆ భయము రాకముందే పలుకుట సుఖము. వచ్చిన పిమ్మట పలుకుటకు షోయబుల్లాలు కావలెను, వారు ప్రతియూరను పుట్టరు.