గడ్డిపోచలో ఇంధనము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వరికోత ముగిసిన పిదప గడ్డి నేమి చేయవలెనను ప్రశ్న సేద్యము నమ్ముకొన్న మన కుటుంబములకు క్రొత్త కాదు. పశువుల మేతకు పోగా మిగిలినదానిని కొన్నిచోట్ల పొలముననే తగులబెట్టుచున్నారు. ఆ గడ్డిలో చక్కెర దాగియున్నది. గడ్డిపోచకు బలమిచ్చు సెల్యులోసు, గ్లూకోసు అణువుల గొలుసే. కాని లిగ్నిన్ అను గట్టి పదార్థము దానిని పెనవేసుకొని, తాళము వేసినట్లుండును. కల్లును పులియజేయు ఈస్టు ఆ తాళమును తీయజాలదు.

తీయగల జీవులు ప్రకృతిలో కలవు. క్లాస్ట్రిడియం థెర్మోసెల్లం అను బాక్టీరియా గాలి సోకని చోట, 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో వృద్ధినొందును. సెల్యులోసును ఛేదించు దాని ఎంజైముల కూటమిని 1983లో బేయర్, లామెడ్ అను శాస్త్రజ్ఞులు వర్ణించిరి. రష్యాలోని కంచట్కా వేడినీటి బుగ్గలలో దొరికిన కాల్డిసెల్యులోసిరప్టర్ బెస్కియై 75 డిగ్రీల వేడిమిలో సైతము ముడిగడ్డిని జీర్ణించుకొనును. అంతటి వేడిలో సామాన్య సూక్ష్మజీవులు బ్రతుకవు. కావున తొట్టి చెడు భయము తక్కువ.

2014లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమునకు చెందిన జానెట్ వెస్ట్‌ఫెలింగ్ బృందము, మొదటి జీవి జన్యువునొకదానిని రెండవదానిలో చేర్చి, ముందుగా ఏ రసాయన శుద్ధియు చేయని స్విచ్‌గ్రాస్ అను గడ్డినుండి తిన్నగా ఇథనాల్ తీసినది. పులియగా వచ్చిన పదార్థములలో నూటికి 70 వంతులు ఇథనాలే. అయినను లీటరు ద్రవమునకు లభించినది ఒక గ్రాముకన్న తక్కువ. అంత పలుచని ద్రవమును కాచి ఇథనాలును వేరుపరచుటకు చాల ఇంధనము వ్యయమగును. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది.

మన దేశమున 2022లో ప్రారంభమైన పానిపట్టు కర్మాగారము, ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయుటకు నిర్మింపబడినది. అచ్చట గడ్డిని ముందు శుద్ధిచేసి, ఎంజైములతో చక్కెరగా మార్చి, పిదప పులియబెట్టెదరు. ఈ పనులన్నియు ఒక్క తొట్టిలో జరుగవలెనన్నదే ఉష్ణప్రియ జీవులపై శాస్త్రజ్ఞుల ఆశ. హిరాకుడ్ కాలువల క్రింద మనవారు సేద్యము చేయుచున్న ఒడిశాలోని బర్గఢ్ ప్రాంతమునను ఇట్టి కర్మాగారమునకు 2018లో శంకుస్థాపన జరిగినది.

కావున సోదరులారా, గడ్డిని చులకన చేయవలదు. పశువులకు మేత, నేలకు సారము మొదట; మిగిలినదే కర్మాగారమునకు. దానికి న్యాయమైన వెల అడుగుట రైతు హక్కు. ఈ విద్యను నేర్చుట మన బిడ్డల కర్తవ్యము.