వచ్చినోళ్లను అడుగుదాం, మన పనినీ లెక్క రాద్దాం
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



నేను ఎప్పుడు మైకు పట్టుకున్నా పొదుపు, కిస్తీ, లింకేజీ గురించే మాట్లాడుతాను. ఈ రోజు వేరే మాట చెప్పాలని నిలబడ్డాను. పోచారం కాడ మన సంఘాల పేరు మీద క్యాంటీన్ పెట్టాలె, దానికి లోన్ తీసుకోవాలె అన్న మాట మూడు మీటింగుల నుండి నడుస్తున్నది. ఆ తీర్మానం మీద సంతకాలు పెట్టే ముందు, నిరుడు మా ఊరికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు చేసిన పని గురించి మీరు వినాలె.

పోచారం గురించి మీకు కొత్తగా చెప్పేది లేదు. నిజాం కాలంలో 1916 నుండి 1922 దాకా కట్టిన ప్రాజెక్టు అది. మన నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలకు నీళ్లు ఇస్తున్నది. 2025 ఆగస్టు ఆఖరున వచ్చిన వరదకు మనమందరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని కూర్చున్నం. వందేళ్లు దాటిన ఆ కట్ట అయినా నిలబడ్డది. మత్తడి దుంకుతుందంటే చాలు, మెదక్ నుండి, కామారెడ్డి నుండి, హైదరాబాద్ నుండి జనం వస్తరు. పొద్దున మెదక్ చర్చి చూసి, ఏడుపాయల దుర్గమ్మకు మొక్కి, సాయంత్రానికి మన దగ్గరికి చేరేటోళ్లు మస్తు మంది. అభయారణ్యంలో జింకలను, చలికాలం వచ్చే పక్షులను చూడనీకి వచ్చేటోళ్లు వేరే. వీళ్లందరికీ మక్క కంకులు కాల్చి, చేపలు వేయించి, మిర్చీలు, చాయ్ అమ్మేది ఎవరు? ఎక్కువ మంది మన సంఘాల ఆడవాళ్లే. నేను కూడా ఆదివారాలు చేపల బండి పెడుతాను.

ఆ ఇద్దరు పిల్లలు హైదరాబాద్‌లో హోటల్, టూరిజం చదువు చదువుతున్నరు. దసరా ముందు వచ్చి మా ఇంట్ల నాలుగు రోజులు ఉన్నరు. వాళ్ల చేతిలో రెండు కాగితాల కట్టలు ఉన్నయి. ఒకటి వచ్చినోళ్లను అడిగేది: ఎందుకు వచ్చిండ్రు, ఏం నచ్చింది, ఏం ఇబ్బంది అయింది, మళ్లీ వస్తరా? రెండోది పని చేసేటోళ్లను అడిగేది: ఎన్ని గంటలు పని, ఎంత మిగులుతది, ఏం కష్టం? "అక్కా, చాలా మంది మొదటిదే అడుగుతరు. మా మేడం రెండూ అడగమన్నది" అని ఒక పిల్ల చెప్పింది.

నేను వాళ్ల వెంట తిరిగిన. వచ్చినోళ్లు ధర ఎక్కువ అంటరు, రుచి బాగలేదంటరు అనుకున్న. ఆ మాటలు అన్నోళ్లు తక్కువే. ఎక్కువ మంది చెప్పినవి ఇవి: ఆడవాళ్లకు బాత్రూం లేదు, అందుకే తొందరగా వెళ్లిపోతున్నం. తాగే నీళ్లు దొరకవు. ముసలి అమ్మను తెచ్చినం, కూర్చోబెట్టనీకి నీడ లేదు. ధర ముందు ఒకటి చెప్తరు, తిన్నంక ఇంకొకటి అంటరు. తిన్న ఆకులు, కవర్లు అక్కడనే పడి ఉంటయి. నచ్చినయి ఏమిటంటే నీళ్లు, గాలి, వేడి వేడి చేప, ఒక అవ్వ పైసలు తీసుకోకుండా పిల్లగాని చేతిలో పెట్టిన మక్క కంకి.

ఒక కాగితం మీద ఇట్ల రాసి ఉంది: "చేపలు బాగున్నయి. కానీ అమ్మే ఆమె చిరాకుగా మాట్లాడింది." ఏ బండి అని అడిగితే మూడోది అన్నరు. మూడో బండి నాదే.

నాకు మస్తు కోపం వచ్చింది, సిగ్గు కూడా అయింది. ఆ పిల్లతోని కొట్లాడినట్టే మాట్లాడిన. "పొద్దున 4 గంటలకు లేచిన. చేపలు కడిగిన, మసాలా నూరిన, కట్టెలు మోసిన. పొద్దంతా పొయ్యి ముందట నిలబడ్డ. బాత్రూంకు పోవాలంటే ఎక్కడికి పోవాలె? అందుకే నీళ్లు కూడా తాగకుండా ఉన్న. ఇంకా నవ్వాలెనా?" అన్న.

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. రెండో కట్టలో నుండి నా కాగితం తీసి, ఆ వచ్చినామె కాగితం పక్కన పెట్టింది. "చూడు అక్కా, ఆమెకు బాత్రూం లేదు, నీకూ లేదు. ఆమెకు నీడ లేదు, నీకూ లేదు. ఇద్దరి ఫిర్యాదు ఒకటే" అన్నది.

అక్కలారా, ఆ రోజు నుండి నా ఆలోచన మారింది. వచ్చినోళ్లు సంతోషంగా పోవాలంటే పని చేసేటోళ్లు ముందు మంచిగ ఉండాలె. ఈ రెండూ వేరు వేరు కాదు.

నవ్వడం కూడా పనే అని ఆ పిల్లలు ఒక సంగతి చెప్పిండ్రు. అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే ప్రొఫెసరమ్మ విమానాల్లో పని చేసే ఆడవాళ్లను అడిగి తెలుసుకొని 1983లో ఒక పుస్తకం రాసిందట. లోపల ఎంత బాధ ఉన్నా ముఖం మీద నవ్వు ఉంచడం వాళ్ల జీతంలో భాగమే, అది కూడా కష్టమే అని చూపించిందట. విమానంలో ఆమెకు జీతం వస్తది. మన బండి కాడ నవ్వుకు లెక్క లేదు.

నవ్వుకు సంగతి సరే, చేతి పనికే లెక్క లేదు. మా సంఘం ఒక అక్కతోని కూర్చొని ఆ పిల్లలు ఒక ఆదివారం లెక్క రాసిండ్రు. అమ్మకం 2,100 రూపాయలు. చేపలు, నూనె, కట్టెలు, ఆటో కిరాయి అంతా కలిపి ఖర్చు 1,350. మిగిలింది 750. ఆ అక్క సంతోషపడ్డది. "మరి ఎంతమంది చేసిండ్రు, ఎన్ని గంటలు?" అని అడిగిండ్రు. అక్క, కోడలు ఇద్దరు. శుభ్రం చేసుడు, నూరుడు, మోసుడు, గిన్నెలు తోముడు అన్నీ కలిపితే ఒక్కొక్కరు 14 గంటలు. ఇద్దరివి 28 గంటలు. గంటకు 27 రూపాయలు కూడా పడలేదు. ఆ ఏడు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఈ లెక్కన 8 గంటలకు అక్కకు వచ్చింది 214. మనం లాభం అనుకున్నది మన కూలి కంటే తక్కువ. కోడలు పని అయితే లెక్కలోనే లేదు.

ఇంకొక మాట. చాలా మంది వస్తరు, ఫోటోలు తీసుకుంటరు, రాసుకొని పోతరు, మళ్లీ కనపడరు. మేము ఆ పిల్లలకు ఒక షరతు పెట్టినం. మీరు రాసింది కాలేజీకి ఇచ్చే ముందు మాకు తెలుగులో చదివి వినిపించాలె అన్నం. వాళ్లు మాట తప్పలేదు. సంక్రాంతికి ముందు ఒక పిల్ల వచ్చి గ్రామ సంఘం ఆఫీసులో కూర్చొని చదివింది. అందులో మమ్మల్ని "కుటుంబానికి సాయం చేసే గృహిణులు" అని రాసింది. మా సంఘంలో పెద్దమ్మ ఒకామె లేచి, "బిడ్డా, సాయం కాదు, బండి నాది, అప్పు నాది, కిస్తీ నేను కడుతున్న" అన్నది. ఆ పిల్ల అక్కడనే కొట్టేసి "వ్యాపారం చేసే మహిళలు" అని రాసింది. మన గురించి రాసినది మనం వింటేనే తప్పులు దొరుకుతయి.

బయట కూడా ఇటువంటి పనులు జరిగినయి. మన భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ జనం చూడనీకి పోయేది మగ్గం పనిని, ఆ పని చేసే చేతులను. కేరళలో కుమరకోం అనే ఊరిలో 2008 నుండి పెద్ద హోటళ్లు ఆ ఊరి కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్ల దగ్గర కూరగాయలు కొనే పద్ధతి పెట్టిండ్రు. కుటుంబశ్రీ అంటే మన లాంటి సంఘాలే. వాళ్లు చేసినప్పుడు మనం ఎందుకు చేయలేం?

క్యాంటీన్ వద్దని నేను చెప్పడం లేదు. పెట్టాలె. కానీ తీర్మానంలో ఈ నాలుగు మాటలు రాయాలని కోరుతున్నాను.

ఒకటి. బాత్రూం, తాగే నీళ్లు, నీడ ముందు. పంచాయతీకి, సంబంధించిన ఆఫీసులకు సమాఖ్య తరఫున దరఖాస్తు ఇద్దాం. వచ్చినోళ్లకూ, మనకూ రెండింటికీ అని రాద్దాం.

రెండు. క్యాంటీన్ లెక్కలో పని చేసే ప్రతి ఒక్కరి గంటలు, కూలి ముందు రాయాలె. కూలి తీసినంక మిగిలిందే లాభం. లోన్ కిస్తీ ఆ లాభం నుండి కట్టగలుగుతమా లేదా అని అప్పుడు చూద్దాం.

మూడు. ధరల బోర్డు తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టాలె. ఆదివారం ఆదివారం పది మందిని మూడు మాటలు అడిగి నోట్‌బుక్‌లో రాయాలె: ఏం నచ్చింది, ఏం ఇబ్బంది, మళ్లీ వస్తరా? దానికి డిగ్రీ అవసరం లేదు. మన మినిట్స్ బుక్ రాసే చెయ్యి చాలు.

నాలుగు. తాగి వచ్చి ఆడవాళ్లతో తప్పుగా మాట్లాడేటోళ్లు ఉంటరు. ఎవరూ ఒంటరిగా బండి కాడ ఉండకూడదు. పని చేసే చోట వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. మన లాంటి చిన్న పనుల్లో ఉన్నోళ్లు జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వచ్చు. ఈ సంగతి ప్రతి సంఘం మీటింగులో చెప్పాలె.

చివరగా నా సంగతి. ఆ కాగితం చూసినంక నేను బండి పక్కన ఒక పట్టా కట్టి, రెండు కుర్చీలు, నీళ్ల క్యాను పెట్టిన. ఒక కుర్చీ వచ్చినోళ్ల పెద్దవాళ్లకు, ఇంకొకటి నాకు. మధ్యాహ్నం కొద్దిసేపు నేను కూడా కూర్చుంటున్న. బాత్రూం మాత్రం ఇంకా రాలేదు. దాని కోసం మీ అందరి సంతకాలు కావాలె. దరఖాస్తు కాగితం అదిగో, వీవోఏ చెల్లె దగ్గర ఉంది. భోజనాలకు పోయే ముందు సంతకం పెట్టి పోండ్రి.