మన ఖబరస్తాన్లలో పేరు లేని ఫౌజీలు

(చిత్తూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ పేరు ఈ సభలో చాలామంది ఎరుగుదురు. 1948 జూలై 3న ఝంగర్ వద్ద నేలకొరిగిన ఆ వీరునికి మహావీర చక్ర లభించింది. ఢిల్లీలో జామియా మిల్లియా సమీపాన జరిగిన ఆయన ఖననానికి ప్రధాని నెహ్రూ స్వయంగా హాజరయ్యారు. 1965లో ఖేమ్‌కరణ్ రంగంలో ప్రాణమిచ్చిన హవిల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర దక్కింది, తపాలా బిళ్ల కూడా వెలువడింది. ప్రతి ఆగస్టు 15న మనము ఈ రెండు పేర్లు చెప్పుకొని సభ ముగిస్తున్నాము. వారిని స్మరించడం న్యాయమే. అయితే పలమనేరులోనో, పీలేరులోనో, గుర్రంకొండలోనో మన ఖబరస్తాన్‌లో మట్టిదిబ్బ కింద ఉన్న ఫౌజీ పేరు మనలో ఎందరికి తెలుసు?

1911లో ఏర్పడిన మన పాత చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు సైన్యపు పటాలాలలో దక్కనీ ముస్లింలు, తమిళులు, తెలుగువారు కలిసి పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పాల్గొనగా దాదాపు 74 వేలమంది మరణించారు. రెండవ యుద్ధంలో 25 లక్షలమంది పాల్గొన్నారు, దాదాపు 87 వేలమంది తిరిగి రాలేదు.

చనిపోయినవారందరినీ సమానంగా స్మరిస్తామని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఆనాడే మాట ఇచ్చింది. ఆ మాట ఎంతవరకు నిలిచిందో 2021లో ఆ సంస్థే నియమించిన కమిటీ తేల్చింది. కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరింపబడలేదని, కొందరికి ఏ గుర్తూ మిగలలేదని ఆ నివేదిక అంగీకరించింది. వారిలో అత్యధికులు ఆఫ్రికా, మధ్యప్రాచ్య దేశాలవారు. బస్రా స్మారకంపై భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సాధారణ సిపాయిలను మాత్రం పటాలం పేరు కింద ఒక సంఖ్యగా మిగిల్చారు. సంస్థ క్షమాపణ చెప్పింది. నూరేళ్ళ తరువాత!

ఇంగ్లండులో వోకింగ్ వద్ద ముస్లిం సిపాయిల కోసమే 1917లో ఒక ఖబరస్తాన్ కట్టారు. మన సిపాయిలకు మతాచారం ప్రకారం ఖననం జరగడం లేదని జర్మనీ చేస్తున్న ప్రచారానికి అది జవాబు. అవసరం కలిగినప్పుడు గౌరవం కూడా త్వరగానే పుడుతుందన్నమాట. తరువాత ఆ స్థలం దెబ్బతిని, 1960ల చివర సిపాయిల అవశేషాలను బ్రూక్‌వుడ్‌కు తరలించారు.

ఇదంతా యుద్ధంలో మరణించినవారి మాట. ఆ సంస్థ లెక్కలో 1914 ఆగస్టు నుండి 1921 ఆగస్టు వరకు, 1939 సెప్టెంబరు నుండి 1947 డిసెంబరు వరకు మరణించినవారే చేరతారు. బతికి ఇంటికి వచ్చి, బీడీలు చుట్టో, జట్కా తోలో, డెబ్భై ఏళ్ళకు కన్నుమూసినవాడు ఏ లెక్కలోనూ లేడు. పదిహేనేళ్ళ సర్వీసు నిండక పింఛను లేకుండా తిరిగి వచ్చినవారు ఎందరో. వారిని గుర్తుంచుకొనవలసినవారము మనమే.

కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు: ఖబరుపై రాయి నిలపడం దీన్‌లో ఉందా? న్యాయమైన ప్రశ్న. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఖననమైనప్పుడు ప్రవక్త (స) స్వయంగా ఒక రాయి మోసుకొచ్చి తల వద్ద ఉంచారని అబూ దావూద్ సంకలనంలో ఉంది. తన సోదరుని ఖబరును గుర్తించుటకే ఆ రాయి. అయితే ఖబరును గచ్చు చేయడం, దానిపై కట్టడం లేపడం వారించబడ్డాయి. రాతపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక గుంబదు అడగడం మా ఉద్దేశం కాదు. తల వద్ద ఒక చిన్న రాయి, దానిపై వరుస సంఖ్య, ఆ సంఖ్యకు ఎదురుగా పేరు, తండ్రి పేరు, పటాలం, సర్వీసు నంబరు రాసిన రిజిస్టరు మసీదులో. వట్టి సంఖ్యతో ఆగితే బస్రాలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. అందుచేత రిజిస్టరు ప్రధానం, రాయి దాని తరువాతిది.

జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళము గనుక ఒక మాట చెప్పగలము: కాగితం లేనివాని మొర ఏ కార్యాలయమూ వినదు. ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో డిశ్చార్జి పుస్తకం, పతకం, పింఛను కాగితం ఉన్నాయేమో వెదకండి. నానీలను, దాదీలను అడగండి. పటాలం పేరు వారికి తెలియకపోయినా, ఆయన ఏ ఊరి నుండి మనియార్డరు పంపేవారో తెలిసి ఉంటుంది. వెల్లింగ్టన్ అంటే మద్రాసు రెజిమెంటు కావచ్చు, బెంగళూరు అంటే మద్రాసు శాపర్లు కావచ్చు. సర్వీసు నంబరు దొరికితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళవచ్చు. అర్హత ఉండీ కుటుంబ పింఛను అడగని వితంతువు ఈనాటికీ ఏ ఇంట్లోనైనా ఉంటే, ఆ పని రాయికంటే ముందు జరగాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత, వాడుక వల్ల ఏర్పడే వక్ఫ్‌కు ఇకమీదట గుర్తింపు లేదు. ముందే నమోదైనవి నిలుస్తాయి, అదీ వివాదంలో గాని ప్రభుత్వ భూమి అన్న లెక్కలో గాని లేనప్పుడు. ఖబరుల వరుస, ఖననాల తేదీలు రాసి ఉన్న పుస్తకం ముతవల్లీ చేతిలో ఉండటం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. దేశం కోసం తుపాకీ పట్టినవాడు పడుకున్న నేల ఎవరిదని రేపు ఎవరైనా అడిగితే, చూపడానికి ఆ పుస్తకం ఉండాలి.

ద్వారం పక్కన బల్లపై ఫారాలు ఉంచాము. ఇంటికొకటి తీసుకొని, తెలిసినంత నింపి, వచ్చే జుమా నాటికి మీ మసీదు ఇమాముకు అందజేయండి. రాయడం రానివారికి మా యువకులు ఇంటికే వచ్చి రాసిపెడతారు.