పూర్వపక్షం తెలిసిన విద్యార్థి

ఉపాధ్యాయ విద్య ముగించి వైరాలో పట్టాలు అందుకుంటున్న ఈ యువతీయువకులకు రేపు ఉన్నత పాఠశాలలో మొదట ఎదురయ్యేవి ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే మూడు శీర్షికల కింద గైడు చూసి కంఠస్థం చేసిన వ్యాసాలే. చెట్లు నాటడం మంచిదని, చదువు అవసరమని సాగే ఆ వ్యాసాలను కాదనేవారు ఎవరూ ఉండరు గనుక వాటిలో నిరూపించవలసినదీ ఉండదు. దస్తూరీకి మార్కులు పడతాయి, ఆలోచనకు పని పడదు.

వాదరచన అంటే భిన్నాభిప్రాయానికి చోటున్న విషయంలో ఒక పక్షం వహించి, కారణాలతో, ఆధారాలతో చదువరిని ఒప్పించే రచన. ఎదుటివారి వాదమైన పూర్వపక్షాన్ని ముందు చెప్పి, దానికి సమాధానం ఇచ్చిన తరువాతే తన నిర్ణయమైన సిద్ధాంతాన్ని స్థాపించడం మన శాస్త్రగ్రంథాల పద్ధతి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డి తిట్టుతో గాక, 354 మంది కవుల రచనలతో 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. ఆక్షేపణ చేసినవారి కోపతాపాలు నేడు ఎవరికీ పట్టవు గాని, ఆ సంచిక మాత్రం సాహిత్య చరిత్రకు ఆకరంగా మిగిలింది.

ఏన్కూరు, జూలూరుపాడు వైపు అడవి అంచు గ్రామాల పిల్లలకు ఈ విద్య పరీక్షతో తీరిపోయేది కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి, అంటే అడవి కొట్టి సాగుచేసుకుంటున్న భూమికి, హక్కు కోరే గిరిజన కుటుంబం 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి తన సాగులో ఉన్నదని చూపాలి. ఆ క్లెయిము గ్రామసభ ముందుకు వస్తుంది. దానికి ఒకటికి మించిన ఆధారాలు కావాలి. ప్రభుత్వ రికార్డులే గాక, చదును చేసిన నేల, వేసిన గట్లు, పెద్దల సమాధులు, క్లెయిముదారు కాని వృద్ధుల వాంగ్మూలం కూడా నిబంధనల ప్రకారం ఆధారాలే. తాతల నాటి నుంచి దున్నుతున్నామన్న ఆవేదన ఎంత నిజమైనా, ఏ గట్టు ఎప్పటిది, ఎవరు చూశారు అన్న వివరం లేనిదే అది అర్జీగా నిలవదు. గ్రామసభ తీర్మానం ప్రతికూలమైతే 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి విన్నవించుకోవచ్చు. అక్కడ తిరస్కరణకు చూపిన కారణాన్ని పూర్వపక్షంగా గుర్తించి ఖండించగలవారే నెగ్గుతారు.

కాబట్టి తరగతిలో ఇచ్చే అంశం నిజంగా రెండు వైపులా వాదించదగినదై ఉండాలి. కరువు ఏడాదిలో వైరా జలాశయం నీటిని సాగుకు ఎంతవరకు వదలాలి, తాగునీటికి ఎంత నిలపాలి అన్నది అటువంటి ప్రశ్న. ఆయకట్టు రైతు బిడ్డ తాగునీటి పక్షాన్ని, పట్టణ విద్యార్థి రైతు పక్షాన్ని ముందుగా రాసి, అవతలివారికి చదివి వినిపించి, తమ మాట సరిగానే చెప్పారని వారిచేత అనిపించుకున్నాకే సొంత వాదానికి దిగాలి. ఇలా చేస్తే సిలబస్ వెనకబడుతుందన్న అభ్యంతరం నిజమే. ఏడాదికి పది వ్యాసాలు దిద్దే చోట నాలుగే దిద్దినా నష్టం లేదు. ఈ పట్టభద్రులు తమ మొదటి ఫార్మేటివ్ పరీక్షలోనే పూర్వపక్షానికి విడిగా మార్కులు కేటాయించాలి.